పెట్టెలో బొమ్మలు, ఇంట్లో మాటలు

పోయిన నెల ఈ పేజీలో చీటీల గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. కొందరు ఇంటికే వచ్చి మాట్లాడిపోయారు. సంతోషం. అట్లా వచ్చినవాళ్ళలో ఒకామె చీటీ మాట పక్కన పెట్టి వేరే సంగతి అడిగింది. ఆమెకు చెప్పేది మిగతా తల్లులకు, భార్యలకు కూడా పనికొస్తుందని ఈ నెల అదే రాస్తున్నాను.

ఆమె గార్మెంట్సుకు పోతుంది. ఇంటాయన లేడు. ఒక్కడే కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, బండి మీద ఇంటింటికీ పార్సిళ్ళు ఇచ్చే పని చేస్తాడు. మంచి పిల్లోడే. తాగడు, ఊరికే తిరగడు. కాకపోతే క్రికెట్ ఆటగాళ్ళ కార్డులు కొంటాడు. అవి పేకముక్కలంత ఉంటాయి. ఒక పక్క ఆటగాడి బొమ్మ, ఇంకో పక్క ఎన్ని మ్యాచులు ఆడాడు, ఎన్ని పరుగులు చేశాడు, ఎన్ని వికెట్లు తీశాడు అని లెక్క. "పెద్దమ్మా, పోయిన నెల పన్నెండు వందలు ఆ అట్టముక్కలకు పోసినాడు. బాడుగ కట్టేది నేను. అన్నీ మూటగట్టి చెత్తబండికి ఎత్తేద్దామని ఉంది. నువ్వైతే ఏం చేస్తావు?" అంది.

నన్నే ఎందుకు అడిగిందో మీకందరికీ తెలుసు. మా ఇంట్లో మంచం కింద ఉన్న ఇనప ట్రంకుపెట్టె సంగతి ఈ లైన్లలో తెలియనివాళ్ళు లేరు. అది మా ఇంటాయన బొమ్మల పెట్టె. 1978లో పెళ్ళై నేను వచ్చినప్పుడు నా చీరల పెట్టె పెట్టడానికి చోటు లేదు, ఆ పెట్టెకు మాత్రం చోటుంది. ఒకటే గది, మూలలో వంట, నలుగురు మనుషులం. అట్లాంటి గదిలో ఒక పెట్టె ఎంత జాగా తింటుందో రోజూ చాప పరిచి పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ పెట్టెలో ఉన్నవి ఇప్పటి మెరిసే కార్డులు కాదు. మొదట్లో మనకు అవి ఎక్కడివి? పేపర్లో వచ్చిన బొమ్మను బ్లేడుతో నీటుగా కోసి, మిల్లుకు కోన్లు వచ్చే అట్టపెట్టె ముక్కకు మైదా జిగురుతో అతికించి, కింద పేరు, తేదీ, ఊరు రాసేవాడు. ఆయన చదువు ఆరో తరగతి. అక్షరాలు మాత్రం ముత్యాలే. 1974 నవంబరు 22న మన బెంగుళూరులో మొదటి టెస్టు మ్యాచు మొదలైంది, ఇప్పుడు చిన్నస్వామి స్టేడియం అంటున్నామే, అక్కడ. వెస్టిండీసు వాళ్ళు వచ్చారు. రిచర్డ్స్, గ్రీనిడ్జ్ ఇద్దరికీ అదే మొదటి టెస్టు. ఈయన రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా అట్లే పోయి ఒక రోజు ఆట చూసొచ్చాడంట. ఆ మ్యాచు బొమ్మలు ఒక కట్ట ఉన్నాయి.

తర్వాత 1987లో మన దేశంలో ప్రపంచ కప్పు జరిగింది. ఆ కాలంలో బిగ్ ఫన్ అని బబుల్ గమ్ వచ్చేది, దాంతోపాటు ఆటగాడి కార్డు. కార్డు మీద పరుగులు, వికెట్లు వేసేవాళ్ళు. పోగేసి ఇస్తే చిన్న పుస్తకం ఇచ్చేవాళ్ళు. మా పెద్దోడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. గమ్ము కొడుకు నోట్లోకి, కార్డు తండ్రి పెట్టెలోకి. ఆ తర్వాత ట్రంపు కార్డులొచ్చాయి. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుని ఎవరి కార్డులో పరుగులు ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు ఆడేవాళ్ళు. మా పిల్లలు కూడికలు, తీసివేతలు బడిలో కంటే అక్కడే బాగా నేర్చుకున్నారు.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ మాటకొస్తాను. ఒక మనిషి ఏదైనా పోగుచేస్తుంటే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా మాట్లాడతారు. నేను నాలుగు తరాల మాటలు విన్నాను.

మా అత్తకు ఆ పెట్టె అంటే సరిపడదు. "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి" అనేది. ఒక వానాకాలం కట్టెలు తడిసి పొయ్యి అంటుకోకపోతే, చేతికందిన నాలుగు అట్టలు తీసి పొయ్యిలో పెట్టేసింది. ఆయన తల్లిని ఒక్క మాట అనలేదు. రెండు రోజులు అన్నం సగం సగం తిని లేచిపోయాడు. మా అత్త చెడ్డమనిషి కాదు. ఆమె అనంతపురం దిక్కు నుంచి కరువులో వచ్చిన మనిషి. కాలేది ఏదైనా కట్టెతో సమానం, తినలేనిది ఏదైనా చెత్తతో సమానం ఆమె లెక్కలో. ఆ లెక్క ఆమెకు కడుపు నేర్పింది.

నా లెక్క వేరే. నేను వైండింగులో చేసినదాన్ని. ఎనిమిది గంటలు నిలబడి తెగిన దారాలు ముడేసి వస్తే, నాకు బొమ్మ మీద కోపం లేదు, జాగా మీద, డబ్బు మీద లెక్క ఉండేది. పెళ్ళైన మూడో నెలలోనే మూడు మాటలు చెప్పాను. ఒకటి, పెట్టె ఒక్కటే, రెండో పెట్టె ఇంట్లోకి రాకూడదు. రెండు, దానికి పెట్టే డబ్బు నీ టీ, బీడీ డబ్బుల్లోంచే, జీతం కవరు నా చేతికి అట్లే రావాలి. మూడు, దానికోసం ఎవరి దగ్గరా చెయ్యి చాపకూడదు. ఆయన ఆ నెలే బీడీలు సగానికి తగ్గించాడు. నాకది లాభమే.

పెద్దోడు చిన్నప్పుడు తండ్రితో పాటు కార్డులు ఏరుకున్నాడు, మీసాలొచ్చాక సిగ్గుపడ్డాడు. స్నేహితులు ఇంటికొస్తే పెట్టె మీద దుప్పటి కప్పేవాడు. వాడికి కావలసింది ఇంట్లో టీవీ, సోఫా. తండ్రి బొమ్మలు అతికించుకుంటుంటే చిన్నపిల్లోడిలా కనిపిస్తాడని వాడి బాధ. కూతురికి ఇంకో బాధ. దానికి కార్డులంటే ఇష్టం, కానీ "ఆడపిల్లకు ఇవెందుకు" అని వాళ్ళ అవ్వ ముట్టనిచ్చేది కాదు. అందుకని అది రాత్రిపూట తండ్రి పక్కన కూర్చుని పేర్లు చదివి వినిపించేది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం అట్లే వచ్చింది దానికి.

ఒక విచిత్రం చెప్తాను. 1999లో బ్రిటానియా బిస్కెట్టు వాళ్ళు "ఖావో, వరల్డ్ కప్ జావో" అని పెట్టారు గుర్తుందా? బిస్కెట్టు కాగితం మీద పరుగులుండేవి. నూరు పరుగులు చేరిస్తే ఒక పుస్తకం. గెలిచినవాళ్ళను ఇంగ్లాండుకు ప్రపంచ కప్పు చూడటానికి పంపుతామన్నారు. అప్పుడు మన లైన్లన్నీ కాగితాలు ఏరుకున్నాయి. పెద్దపెద్ద మేస్త్రీలు కూడా టీ అంగడి ముందర వంగి కాగితాలు ఏరారు. ఒక్కరు కూడా ఒకరిని పిచ్చోడు అనలేదు. అదే పని మా ఇంటాయన ముప్పై ఏళ్ళు ఒక్కడే చేస్తే పిచ్చి అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అట్లా. కంపెనీవాడు చెప్పి చేయిస్తే సరదా, మనిషి తనంతట తాను చేసుకుంటే పిచ్చి. ఇది ఎక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఇక ఎక్కువ ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న, "దీన్ని అమ్మితే ఎంతొస్తుంది?" అని. మా పెద్దోడు కూడా ఒక రోజు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. 2022 ఆగస్టులో అమెరికాలో ఒక్క కార్డు 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో దగ్గరదగ్గర నూరు కోట్లు. అది 1952లో టాప్స్ అనే కంపెనీ వేసిన కార్డు, దాని మీద మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ. "నాన్నా, మన పెట్టెలో కూడా ఏమన్నా ఉంటుందేమో" అన్నాడు. దుప్పటి కప్పినవాడే ఆ రోజు పెట్టె తెరిచి కూర్చున్నాడు.

ఏముంటుంది? కత్తిరించి అట్టకు అతికించిన పేపరు బొమ్మలకు బజారులో రేటు లేదు. గమ్ము కార్డులు నలిగిపోయి ఉన్నాయి. కొనేవాళ్ళు ఇచ్చేది కొన్ని వందలో, మహా అయితే కొన్ని వేలో. వాడి మొహం వాడిపోయింది.

ఆ అమెరికా కార్డుకు అంత ధర ఎందుకొచ్చిందో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. ఆ 1952 కార్డులు అప్పుడు అన్నీ అమ్ముడుపోలేదంట. మిగిలిన పెట్టెలు గోడౌనులో జాగా తింటున్నాయని 1960లో పడవకెత్తి సముద్రంలో పారేయించామని ఆ కంపెనీ మనిషే చెప్పాడు. ఇంకోపక్క, కొడుకులు పట్టాళానికో చదువుకో పోగానే అమెరికా తల్లులు గది సర్దుతూ ఆ కార్డుల డబ్బాలు చెత్తలో వేసేశారు. అట్లా పోగా మిగిలినవి కొన్నే కాబట్టి ధర. ఆ కథలు విని 1980ల్లో, 90ల్లో జనం "మనం పారేయకుండా దాచుదాం, రేపు కోట్లు" అని పెట్టెలకు పెట్టెలు కొని దాచారు. కంపెనీలు కూడా లెక్కలేకుండా అచ్చేశాయి. అందరి దగ్గరా ఉంటే కొనేది ఎవరు? ఆ కార్డులు ఎక్కువ భాగం ఇప్పుడు చిల్లరకు కూడా పోవు. మనకిది కొత్త పాఠం కాదు. నూలు గోడౌనులో నిండిపోతే మిల్లు షిఫ్టులు ఎట్లా తగ్గేవో మనం చూసినవాళ్ళమే.

అసలు ఈ కార్డుల పుట్టుకే అమ్మకం కోసం. సిగరెట్టు పెట్టె మెత్తగా ఉండి లోపల సిగరెట్లు నలిగిపోతాయని గట్టి అట్ట పెట్టేవాళ్ళు. ఆ ఖాళీ అట్ట మీద బొమ్మ వేస్తే జనం మళ్ళీ మళ్ళీ కొంటారని తర్వాత తెలుసుకున్నారు. ఇంగ్లాండులో విల్స్ కంపెనీ 1896లోనే క్రికెట్ ఆటగాళ్ళ కార్డులు వేసింది. మన దేశం నుంచి పోయి అక్కడ ఆడిన రంజిత్‌సింహ్‌జీ బొమ్మ కూడా ఆనాటి కార్డుల మీద ఉంది. తండ్రి సిగరెట్టు తాగితే కార్డు కొడుకుది. నూట ముప్పై ఏళ్ళ కిందటి నుంచి ఇదే వరస. సిగరెట్టు పోయి గమ్ము వచ్చింది, గమ్ము పోయి ఇప్పుడు కార్డే సరుకు అయింది.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, "రేపు లక్షలొస్తాయి" అని మీ ఇంట్లోవాళ్ళు చెప్తే నమ్మొద్దు. "పైసా రాదు కాబట్టి పారెయ్" అని కూడా అనొద్దు. పెళ్ళి ఫోటో అమ్మితే ఎంతొస్తుందని ఎవరైనా అడుగుతారా?

మా ఇంట్లో ఆ పెట్టె నిజంగా అమ్మకానికి వచ్చిన రోజు ఒకటుంది. మేము చేసే మిల్లు మూతపడే ముందు ఏడు నెలలు సరిగ్గా జీతం లేదు. పెద్దోడి ఫీజు కట్టాలి, అత్తకు మందులు. ఒక ఆదివారం పొద్దున ఆయనే పెట్టె తెచ్చి నా ముందర పెట్టాడు. "ఇదీ తీసుకుపో" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేను, కూతురు కలిసి ఆటోలో అవెన్యూ రోడ్డుకు తీసుకుపోయాం. పాత పుస్తకాల అంగళ్ళు మూడు తిరిగాం. ఒకాయన పైపైన చూసి, కిలో లెక్కన అయితే తీసుకుంటా అన్నాడు. రద్దీ కాగితం రేటు.

నేను పెట్టె మూసి ఇంటికి తెచ్చేశాను. ఆయన మీద జాలితో కాదు. లెక్క వేసుకున్నాను. ఆ డబ్బుతో రెండు రోజుల కూరగాయలు వస్తాయి. ఇరవై ఏళ్ళు టీ, బీడీలు మిగిల్చి చేసిన పనికి రెండు రోజుల కూరగాయలు సరైన బేరం కాదు. నా కమ్మలు కుదువ పెట్టి ఫీజు కట్టాం. మరుసటి నెల నేను గార్మెంట్సులో చేరాను. ఆయన ఒక లాడ్జిలో రాత్రి కావలి పనికి చేరాడు. తర్వాత రెండేళ్ళు ఆయన ఒక్క కార్డు కొనలేదు, ఒక్క స్పోర్ట్స్ పత్రిక కొనలేదు. నేను చెప్పకుండానే మానుకున్నాడు. కమ్మలు విడిపించిన నెల తర్వాతే మళ్ళీ కత్తెర తీశాడు.

నేను ఆయన్ని అంచనా వేసింది అప్పుడే. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండా ఆపుకోగలిగితే, ఆ మనిషి పిచ్చికి భయపడక్కర్లేదు. ఆపుకోలేకపోతే, అది కార్డులైనా, పావురాలైనా, గుడికి కానుకలైనా భయపడాల్సిందే.

మన ఆడవాళ్ళ భయం ఊరికే రాలేదు, అది కూడా చెప్పాలి. ఈ కర్ణాటకలో లాటరీ ఎన్ని ఇళ్ళు ముంచిందో చూశాం. పొద్దున జీతం, సాయంత్రానికి చేతిలో చీటీ ముక్కలు. 2007లో లాటరీ ఆగింది, అదే ఏడాది సారాయి కూడా ఆగింది. ఆ తర్వాత క్రికెట్ బెట్టింగు ఫోనులోకి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. అదే ఏడాది జూన్ 4న మన స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయారు. అందరూ ఎవరో ఒకరి బిడ్డలే. ఇన్ని చూశాక క్రికెట్ మాట వినగానే తల్లి గుండె దడదడమనడం తప్పు కాదు.

అందుకే పిల్లోడు కార్డులు కొంటున్నాడంటే ముందు ఒకటి కనుక్కోండి. విడి కార్డు చూసి కొంటున్నాడా, మూసిన ప్యాకెట్లు కొంటున్నాడా? విడి కార్డు అంటే ఏమొస్తుందో ముందే తెలుసు. తనకు కావలసిన ఆటగాడు దొరికాడు, డబ్బిచ్చాడు, అయిపోయింది. మూసిన ప్యాకెట్టులో ఏముందో తెలియదు. మంచి కార్డు రాలేదని ఇంకొకటి, అందులోనూ రాలేదని మరొకటి. కాగితం చించేటప్పుడు చెయ్యి వణుకుతుంది చూడండి, లాటరీ చీటీ గీకేటప్పుడు వణికిన వణుకే అది. ప్యాకెట్టు తప్పని కాదు. నెలకు ఎన్ని అని ముందే అనుకుని, అక్కడ ఆగాలి. డబుల్ వచ్చినవి స్నేహితులతో మార్చుకుంటే ఖర్చు లేదు, పైగా నలుగురు మనుషులు తోడవుతారు. ఫోనులో మాత్రమే కనిపించే కార్డులని 2021 ప్రాంతంలో అమ్మారు. వాటి ధరలు తర్వాత దబ్బున పడిపోయాయి. చేతికి రాని కార్డుకు డబ్బు పెట్టొద్దని మా మనవళ్ళకు గట్టిగానే చెప్పాను.

కొందరు "తాగట్లేదు కదా, పోనీలే" అని వదిలేస్తారు. తాగుబోతు పక్కన నిలబెట్టి కొలిస్తే ఎవరైనా మంచోడే. అది కొలత కాదు. అప్పు చేశాడా? రేటు అబద్ధం చెప్తున్నాడా? ఇంట్లో ఇచ్చే డబ్బు తగ్గిందా? పనికి ఎగనామం పెడుతున్నాడా? ఈ నాలుగింటిలో ఒకటైనా ఉంటే కూర్చోబెట్టి మాట్లాడండి. ఏదీ లేకపోతే పిల్లోడిని వదిలేయండి.

ఇంకొక మాట చెప్పాలి, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ధర అడిగేముందు "ఇదెవరు?" అని అడగండి.

మా ఇంటాయన పెట్టె తెరిస్తే అన్నిటికంటే పైన ఉండేది చంద్రశేఖర్ బొమ్మ. మన మైసూరు మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి చెయ్యి సన్నబడిపోయింది. బంతి విసిరి అందించాలంటే ఎడమ చేత్తో విసిరేవాడు. కానీ బౌలింగు మాత్రం ఆ సన్నబడిన చేత్తోనే వేసేవాడు. 1971 ఆగస్టులో ఇంగ్లాండులో ఓవల్ మైదానంలో ఆ చేత్తోనే 38 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఇంగ్లాండులో మన దేశం మొదటిసారి టెస్టు గెలిచింది ఆ మ్యాచులోనే. మొత్తం 58 టెస్టుల్లో ఆయన వికెట్లు 242, చేసిన పరుగులు 167. పరుగుల కంటే వికెట్లే ఎక్కువ. ఈ లెక్క మా ఇంట్లో పిల్లలందరికీ నోటికొచ్చు.

ఆ బొమ్మ మొదట్లో పైన ఉండేది కాదు. విశ్వనాథ్ బొమ్మ ఉండేది. 1981లో మగ్గం మీద షటిల్ ఎగిరొచ్చి ఈయన కుడిచేతికి తగిలింది. రెండు వేళ్ళు వంగకుండా పోయాయి. నెలన్నర ఇంట్లో ఉన్నాడు. తెగిన పోగు ముడెయ్యలేనివాడికి మగ్గం ఎవరిస్తారు అని రాత్రిళ్ళు కూర్చునేవాడు. ఆ నెలన్నరలో ఒక రోజు పెట్టె తెరిచి చూస్తే చంద్రశేఖర్ బొమ్మ పైకొచ్చి ఉంది. నేనడిగాను, "ఏమయ్యా, ఇదెవరు?" అని. పెళ్ళైన మూడేళ్ళకు నేనడిగిన మొదటి ప్రశ్న అది. ఆయన గంటసేపు చెప్పాడు. మిగిలిన మూడు వేళ్ళతో ముడి వెయ్యడం అభ్యాసం చేసి మళ్ళీ మగ్గం మీదికి పోయాడు. బొమ్మ వల్ల పోయాడని నేను చెప్పను. ఇల్లు గడవాలి, పోవాల్సిందే. కానీ ఆ మనిషి లోపల ఏం నడుస్తుందో నాకు తెలిసింది ఆ బొమ్మ వల్లే. మన మగవాళ్ళు కష్టం నోటితో చెప్పరు కదా.

ఇప్పుడు నాలుగో తరం. మా మనవరాలికి పదకొండేళ్ళు. పోయిన ఏడాది నవంబరు 2న మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికా మీద గెలిచి ప్రపంచ కప్పు తెచ్చారు కదా. ఆ జట్టులో మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి కూడా ఉంది. మరుసటి రోజు ఇది పెట్టె ముందర కూర్చుని, "తాతా, ఇందులో ఒక్క ఆడమనిషి కూడా లేదేం?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. యాభై ఏళ్ళ పెట్టె, వందల బొమ్మలు, ఒక్కరూ లేరు. మన దేశం ఆడవాళ్ళ జట్టు మొదటి టెస్టు ఆడింది 1976లో, అదీ మన బెంగుళూరులోనే. కెప్టెను మన శాంతా రంగస్వామి. అయినా లేదు. ఆ వారమంతా తాతా మనవరాలు పేపర్లు వెతికారు. శ్రీచరణి బొమ్మ దొరికింది. శాంతా రంగస్వామి బొమ్మ కూడా పాత పత్రికలో సంపాదించారు. కత్తెర ఈసారి మనవరాలిది, కింద రాసిన అక్షరాలు దానివే, తెలుగులో. చిన్నప్పుడు ముట్టనివ్వని నా కూతురు అది చూసి లోపలికి పోయి మొహం కడుక్కొచ్చింది.

దాచుకునేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మన ఇళ్ళ గోడలు వానకు చెమ్మ పడతాయి, పెట్టె గోడకు ఆనించొద్దు, కింద రెండు ఇటుకలు పెట్టండి. రబ్బరు బ్యాండు వేస్తే అంచులు కోసుకుపోతాయి, కొన్నాళ్ళకు కరిగి అతుక్కుంటుంది కూడా. కాగితం కవరులో పెట్టి దారం కట్టండి. జిగురు వెయ్యొద్దు, వేస్తే వెండి పురుగు ఖాయం. ఏడాదికి రెండుసార్లు నీడలో గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు పోతుంది.

ఇంకా ముఖ్యం, మీ తర్వాత అది ఎవరికి అని ఒక కాగితం మీద రాసి పెట్టెలోనే పెట్టండి. మనిషి పోయిన పదకొండో రోజుకు ఇల్లు సర్దేవాళ్ళకు ఏది చెత్తో ఏది కాదో తెలియదు. మా ఇంటాయనకు డెబ్బై దాటాయి. మొన్న నేనే కాగితం, పెన్ను ఇచ్చి రాయించాను. ఎవరి పేరు రాశాడో మీరు ఊహించుకోవచ్చు. పెద్దోడు కూడా సరే అన్నాడు.

వచ్చే నెల పీఎఫ్ పింఛను వాళ్ళు ప్రతి ఏడాదీ ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం గురించి రాస్తాను. వేలిముద్రలు అరిగిపోయి మిషను తీసుకోని మన వైండింగు, వీవింగు వాళ్ళు ఏం చెయ్యాలో అందులో చెప్తాను. ఆధార్ కార్డు, పింఛను పుస్తకం దగ్గర పెట్టుకుని చదవండి.